అక్క చదవని పేజీ

అక్క లోపలికి వెళ్ళి అరగంట దాటింది. మేనేజరు గది తలుపు మూసే ఉంది, తలుపు అద్దంలోంచి ఆమె భుజం ఒక్కటే మసగ్గా కనిపిస్తోంది, అదీ కదలడం లేదు, కూర్చోబెట్టారంటే పెద్ద విషయమే, చిన్న తప్పులకి మమ్మల్ని నిలబెట్టే తిట్టేవాళ్ళు. తర్వాత నేను. ఇద్దర్నీ విడివిడిగా అడుగుతారట, మధ్యలో మేం మాట్లాడుకోకూడదట, ఆ మాట చెప్తూ అటెండరు నవ్వాడు, ఇరవై రెండేళ్ళుగా రోజుకి ఏడు గంటలు మాట్లాడుకున్నారు, ఇంకా మిగిలిందేముందమ్మా అని. నిజమే, ఏమీ మిగల్లేదు, అయినా ఈ అరగంటలో ఎన్ని గుర్తొచ్చాయో, ప్రతిదీ ఆమెకి చెప్పాలనిపిస్తోంది. కింద మిషన్లు తిరుగుతున్నాయి, బల్ల కాళ్ళలోంచి ఆ అదురు నా నడుము దాకా వస్తోంది, సిరా వాసన, తడి కాగితం వాసన, ఎదురుగా గోడ మీద నల్లటి చార ఒకటి, మెట్ల దగ్గర మొదలై మా గది గుమ్మం దాకా, మనిషి చెయ్యి ఆనేంత ఎత్తులో. ఆ చార అక్కది. ఏడాదిలో పడింది. చూసినవాళ్ళు బండిళ్ళు మోసేవాళ్ళ చేతులనుకున్నారు. ఒకరోజు ఎవరూ లేనప్పుడు నేను తడిగుడ్డతో తుడవబోతే అది ఇంకా వెడల్పయి కూర్చుంది, తెలివితేటలంటే నావే.

మా పని గురించి చెప్తే ఎవరికీ అది పనిలా అనిపించదు. ఒకరు మూలం పైకి చదవాలి, ఇంకొకరు వింటూ అచ్చుకి ముందు తీసిన ప్రూఫు దిద్దాలి. అక్క గొంతు, నా పెన్సిలు, అక్కంటే తోడబుట్టింది కాదు, నాకన్నా పెద్దదని అలా పిలుస్తాను. చదవడమంటే మాటలొక్కటే కాదు, కామా అనాలి, ఫుల్‌స్టాపు అనాలి, కొటేషను మొదలు, కొటేషను ముగింపు, కొత్త పేరా, అన్నీ అనాలి, అలా అని అని ఆమెకి ఇంట్లో కూడా అదే అలవాటయి తమ్ముడి పిల్లల్ని తిన్నారా ప్రశ్నార్థకం అని అడిగేదట, పిల్లలు తిన్నాం ఫుల్‌స్టాపు అనేవాళ్ళట. ప్రెస్సులో మా అసలు పేర్లు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకి వంగి నడిచే ఆమె కామా, పొట్టిగా గుండ్రంగా ఉన్న నేను ఫుల్‌స్టాపు. కామా వస్తే వెనకాల ఎప్పటికైనా ఫుల్‌స్టాపు రాక తప్పదని అందరూ ఏడిపించేవాళ్ళు. నేను చేరిన రోజు ఆమె నన్ను ఎగాదిగా చూసి, నువ్వు నిద్రపోయే మనిషివేనా, ఈ పనిలో నిద్రొస్తుంది, ముందే చెప్పు అంది. నాకు నిద్ర రాదక్కా అన్నాను. ఇరవై రెండేళ్ళలో నిజంగానే ఒక్కరోజు రాలేదు, ఆ గొంతు వింటూ ఎవరు నిద్రపోతారు, రైల్వే టైంటేబులు చదివినా కథలా ఉండేది.

కళ్ళ సంగతి ఆమె కన్నా ముందు నాకు తెలిసింది. ఒకరోజు చదివిన వాక్యమే మళ్ళీ చదివింది. నేను నవ్వాను, ఆమె నవ్వలేదు. ఇంకోరోజు మధ్యలో ఆగిపోయి పుస్తకాన్ని పక్కకి, ఇంకొంచెం పక్కకి జరిపి, కోడి చూసినట్టు తల తిప్పి చూస్తోంది. నా కూతురికి ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కంటి మధ్యలో చూపు పోతోందట, అంచుల్లో మిగులుతుందట, ఆపరేషనుకి లొంగదట. మనిషి ఎదురొస్తే ఎవరో ఉన్నట్టు తెలుస్తుంది గానీ ముఖం ఉండదు, అక్షరాలు అసలే ఉండవు. బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డప్పుడు, దేవుడు మార్జిన్లు మిగిల్చాడు కదే, మార్జిన్లు చూసుకుంటూ బతుకుతాను అంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె నా చెయ్యి పట్టుకుని, ఎవరికీ చెప్పకు, ముప్పై ఏళ్ళు నిండితేనే పింఛను, ఇంకో ఇరవై నెలలుంది, ఈలోపు కళ్ళు లేవని తెలిస్తే ఇంటికి పంపేస్తారు, తమ్ముడి ఇంట్లో ఆ మూలగదిలో నేను ఏ ముఖం పెట్టుకుని కూర్చోను అంది. ఎవరికీ చెప్పనక్కా అన్నాను. అంతే, అంత తేలిగ్గా అనేశాను, ఉప్పందించమంటే అందించినట్టు.

తర్వాత మేం చేసినదంతా తల్చుకుంటే ఇప్పుడు కూడా నవ్వొస్తుంది, నవ్వకూడదు, లోపల ఆమె కూర్చుని ఉంది. పాత నవలల వరుస ఒకటి మళ్ళీ వేస్తున్నారని తెలిసి, అవన్నీ మాకే ఇవ్వండని నేనే మేనేజరుని బతిమాలాను, పాతవంటే మాకు ప్రాణమని చెప్పి. అక్కకి ఆ నవలలు కంఠతా వచ్చు. పుస్తకం ముందు పెట్టుకుని, వేలు గీత మీద జరుపుతూ, కామాలతో సహా అప్పజెప్పేది. పేజీ ఎప్పుడు తిప్పాలో తెలియాలి కదా, బల్ల కింద నా కాలు ఆమె కాలికి తగిలిస్తే తిప్పేది. ఒక్కోసారి మరీ గట్టిగా తగిలితే, కామా, నా కాలు విరగ్గొట్టకు, ఫుల్‌స్టాపు, అని అదే గొంతుతో కలిపేసేది, పక్క గదివాళ్ళకి అదీ నవలే అనిపించేది. కొత్త పుస్తకాలొస్తే ఇంకో పద్ధతి. మూలమూ నేనే చూసేదాన్ని, ప్రూఫూ నేనే చూసేదాన్ని, ఒక కన్ను అక్కడ, ఒక కన్ను ఇక్కడ, గదిలో చదువుతున్న చప్పుడు ఆగకూడదు గనక ఆమె తనకి వచ్చిన నవలేదో చదువుతూ ఉండేది. నీటిపారుదల శాఖ నివేదిక నేను దిద్దుతుంటే ఆమె నోట్లో గుర్రబ్బండి వానలో పోతూ ఉండేది. ఇంటికెళ్ళాక నా కళ్ళు మండేవి, మా ఆయన చల్లటి గుడ్డ వేస్తూ, ఆవిడ కళ్ళు పోయాయి సరే, నీవి కూడా పోగొట్టుకుంటావా అనేవాడు. పోనీలే అనేదాన్ని. ఎందుకో ఆ ఏడాది నాకు బాగుంది. రోజూ సాయంత్రం మెట్ల మీద ఆమె నా మోచెయ్యి పట్టుకుని దిగేది, ఇద్దరు ముసలి స్నేహితురాళ్ళు మాట్లాడుకుంటూ దిగుతున్నారని చూసేవాళ్ళకి అనిపించేది, నా చేతిని ఎవరైనా అంత నమ్మారా అంతకుముందు, నా సొంత కూతురు కూడా రోడ్డు దాటేటప్పుడు విదిలించుకునేది.

ఇక ఆ నవల. మూడు తరాలుగా బళ్ళో చెప్తున్న నవల, చదవనివాళ్ళకి కూడా కథ తెలుసు. గడియారాలు బాగుచేసే అతనొకడు, గుర్రబ్బండి తోలే అతనొకడు, చిన్నప్పటి స్నేహితులు. బండి అతని మీద గిడ్డంగి తగలబెట్టాడని నేరం మోపుతారు. ఆ సాయంత్రం అతను గడియారాల కొట్లోనే బల్ల కింద పడుకుని నిద్రపోయాడు, ఆ సంగతి తెలిసినవాడు గడియారాలతను ఒక్కడే, కానీ ఆ కొట్టు కూడా గిడ్డంగి యజమానిదే. న్యాయాధికారి అడుగుతాడు, ఆ సాయంత్రం ఇతను నీ దగ్గరున్నాడా. దాని తర్వాత రెండు పేజీలు. ఆ రెండు పేజీల్లో గడియారాలతను చేతిలో చిన్న మరమేకు తిప్పుతూ, గుర్తు లేదంటాడు. బండి అతను పదకొండేళ్ళు జైల్లో ఉంటాడు, ఆ పదకొండేళ్ళూ గడియారాలతను అతని పెళ్ళాం పిల్లల్ని సాకుతాడు, గుర్రాన్ని కూడా సాకుతాడు. దీని మీద మేం ఎన్ని మధ్యాహ్నాలు పోట్లాడుకున్నామో, డబ్బాలు తెరిచి పెట్టుకుని, తినడం మర్చిపోయి. అక్కకి అతనంటే మంట. పదకొండేళ్ళు తిండి పెడితే ఎవడికి కావాలే, ఆ ఒక్క నిమిషం నోరు తెరిచి ఉంటే చాలు కదా, స్నేహమంటే ఆ నిమిషమే, మిగతాదంతా సంసారం అనేది. నేను అతని వైపు. చిన్న పిల్లలున్నారక్కా, కొట్టు పోతే ఏం తింటారు, భయపడ్డాడు, భయపడ్డవాడు పదకొండేళ్ళు సిగ్గుపడుతూ బతికాడు, ఇంకేం చెయ్యాలి అనేదాన్ని. నువ్వు అందర్నీ క్షమించేస్తావు, అందుకే ఇలా గుండ్రంగా తయారయ్యావు అనేది.

ఆ నవల ఆమెకి పుస్తకంలోంచి రాలేదు, వాళ్ళ నాన్న గొంతులోంచి వచ్చింది. ఆయన బడిపంతులు, ఏటా సెలవుల్లో పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని మొత్తం చదివి వినిపించేవాడట. ఆ రెండు పేజీలు మాత్రం చదివేవాడు కాదట. మొదటిసారి చదివినప్పుడు అక్క మూడు రోజులు తిండి మానేసిందట, అప్పట్నుంచీ ఆయన ఆ చోటికి రాగానే న్యాయాధికారి ప్రశ్న అడిగించి, రెండు కాగితాలు కలిపి తిప్పేసి, గడియారాలతను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు అనేవాడట, ఊపిరి కూడా మార్చకుండా. అక్క పెద్దయ్యాక ఆ పేజీలు తన కళ్ళతో చదివింది, తిట్టుకుంది, నాతో పోట్లాడింది, కానీ నోటికి మాత్రం నాన్న చదివినట్టే వచ్చింది, ఏం చేస్తుంది. కళ్ళున్నన్నాళ్ళు దానితో పని లేకపోయింది. ఇదంతా నాకు తెలుసు, వంద సార్లు చెప్పింది, తెలిసి కూడా ఆ నవల ప్రూఫులు వచ్చినరోజు నాకు తట్టలేదు.

ఆ ముందురోజే రెండో డాక్టరు కూడా అదే మాట అన్నాడు. మొదటివాడు తప్పు చెప్పాడేమోనని ఏ మూలో ఆశ పెట్టుకుని ఉంది పాపం, అది కూడా పోయింది. పొద్దున వచ్చి కూర్చుని, కళ్ళు వాచి ఉన్నాయి, పుస్తకం తెరిచింది, మొదలుపెట్టింది. అంత బాగా ఆమె ఎప్పుడూ చదవలేదు. నా పెన్సిలు దానంతటదే నడుస్తోంది. న్యాయాధికారి ప్రశ్న దగ్గరికి వచ్చాం, ఇతను నీ దగ్గరున్నాడా ప్రశ్నార్థకం కొటేషను ముగింపు కొత్త పేరా, గడియారాలతను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. నా పెన్సిలు ఆగింది. ప్రూఫులో కూడా అలాగే ఉంది. బయట టైపు చేసినవాళ్ళకి పాత కాపీలో రెండు కాగితాలు అంటుకుపోయి ఉంటాయి, వాళ్ళు తిప్పేశారు. ఇలాంటి తప్పు పట్టుకోవడానికే మా ఇద్దర్నీ పెట్టింది, మూలం చూసేవాళ్ళు ఒకరు ఉంటారనే. మూలం చూడటానికి ఆమెకి కళ్ళు లేవు. ఆమె చదివిందీ, కాగితం మీద ఉన్నదీ అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి. అక్కా ఆగు, పేజీ పోయింది, అనాలి. తల ఎత్తాను. వేలు గీత మీద జరుగుతోంది, ఆ వేలు ఆ గీత మీద అసలు లేదు, నాలుగు గీతలు కింద ఉంది, ముఖం మాత్రం వెలిగిపోతోంది, నాన్న పక్కన కూర్చున్న పిల్లలా ఉంది. ఆపలేకపోయాను. తర్వాత నేనే రాసి అతికిస్తాను, ఆమెకి తెలియనక్కర్లేదు అనుకున్నాను. సాయంత్రం మెట్ల మీద, ఇవాళ ఒక్క తప్పూ లేదు కదే అంది. ఒక్కటీ లేదక్కా అన్నాను. ఆమెని బస్సెక్కించి తిరిగొచ్చేసరికి ప్రూఫుల కట్ట బల్ల మీద లేదు, తొందరుందని తీసుకెళ్ళిపోయారట, మర్నాడు పొద్దున్నే మిషనెక్కింది. వెళ్ళి ఆపమనవచ్చు. ఆపమంటే ఎందుకని అడుగుతారు. వెళ్ళలేదు. కాబట్టి తప్పు నాది కాదని నేను అనలేను, అననూ అనను.

ఏడు వేల కాపీలు. నెల రోజులు ఎవరూ గమనించలేదు, ఆ సంగతి తల్చుకుంటే నవలల మీదే విరక్తి పుడుతుంది. చివరికి ఒక బళ్ళో పరీక్ష పెట్టి గడియారాలతని గుణగణాలు రాయమంటే, పిల్లలందరూ అతను ధైర్యంగా నిజం చెప్పి స్నేహితుణ్ణి కాపాడబోయాడనీ, న్యాయాధికారే వినలేదనీ రాశారట. ఒక్కరు కూడా వేరేగా రాయలేదట. పంతులు కంగారుపడి పుస్తకం తీసి చూశాడు, ఉత్తరం రాశాడు, ఉత్తరం పైదాకా వెళ్ళింది. బాధ్యులెవరో తేల్చి ఇంటికి పంపించెయ్యమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అక్కకి ఇంకా ఎనిమిది నెలలుంది.

నిన్న సాయంత్రం మెట్లు దిగుతూ ఆమె అడిగింది, రేపు నువ్వేం చెప్తావే అని. నేను అప్పటికే నిర్ణయించుకున్నాను. నాకు మా ఆయన ఉన్నాడు, బస్సు నడుపుతాడు, కూతురు నర్సు చదువు చివరి ఏడాదిలో ఉంది, మేం ఎలాగో గడిపేస్తాం. అక్క సరిగ్గానే చదివింది, నాకే కునుకు పట్టింది అని చెప్పేస్తే అయిపోతుంది. కానీ ఆ మాట ఆమెకి ముందే చెప్తే ఒప్పుకోదు, వద్దంటుంది, మెట్ల మీదే పోట్లాట పెట్టుకుంటుంది. అందుకని, ఏదో ఒకటి చెప్తానులే, నువ్వు దిగులు పడకు అన్నాను. బస్సొచ్చేదాకా ఆమె సంచిని గుండెకి హత్తుకుని నిలబడింది. నాకు లోపల్లోపల కాస్త గర్వంగా కూడా ఉండింది, దాచడమెందుకు, మంచి మాట దాచుకున్నవాళ్ళకి ఉండే గర్వం. ఈ బల్ల మీద కూర్చుని కూడా ఆ వాక్యాన్నే మళ్ళీ మళ్ళీ దిద్దుకుంటున్నాను, కునుకు పట్టింది సార్ అనాలా, నిద్రపోయాను సార్ అనాలా అని.

తలుపు తెరుచుకుంది. అక్క బయటికొచ్చింది, చెయ్యి గోడకి తగిలించుకుని, నా ముందు నుంచే వెళ్ళింది, నేను ఇక్కడున్నానని తెలుసు, తల తిప్పలేదు. మాట్లాడుకోకూడదు కదా అనుకున్నాను. అటెండరు నన్ను లోపలికి పంపి టీకి వెళ్ళాడు.

"కూర్చోండమ్మా," అన్నాడు మేనేజరు. ఆయన చెడ్డవాడు కాదు, ముఖం ఇబ్బందిగా ఉంది. "ఆవిడ చెప్పింది గుమస్తా రాశాడు, కింద సంతకం చేసింది. మీరే చదవండి."

కాగితం నా వైపు తిప్పాడు. నేను చదివాను. అక్క మాటలుగా ఇలా ఉంది: ప్రతి పేజీ మూలం చూసే చదివాను. ప్రూఫు చూసే ఆమె చాలాకాలంగా పనిలో నిద్రపోతోంది. ఏడాదిగా ఆమె తప్పుల్ని నేనే పట్టుకుని సరిదిద్దుతున్నాను. స్నేహం కొద్దీ ఎవరికీ చెప్పలేదు. రెండోసారి కూడా చదివాను, అలవాటు కొద్దీ, చాలాకాలంగా అన్న మాట తర్వాత కామా ఉంటే బాగుండును అనిపించింది. సంతకం గీత మీద లేదు, గీత దాటి కిందికి జారి, కాగితం అంచు దాకా పోయింది. ఆయన ఆ సంగతి గమనించలేదు. ఒక్కసారి ఆ సంతకం చూడండి సార్ అంటే చాలు, లేదా ఆవిడని పిలిచి ఏ పేజీ అయినా తెరిచి చదవమనండి అంటే చాలు, అంతా తేలిపోతుంది. ఉద్యోగం వదులుకోవడానికే వచ్చాను, ఉద్యోగం గురించి కాదు నాకు. నిన్న మెట్ల మీద నేనా ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆమె ఈ కాగితం రాయించేది కాదు, అది కూడా తెలుస్తోంది నాకు, రాత్రంతా ఆ మూలగదిలో భయపడి ఉంటుంది. కానీ ఏడాది? రెండు కాగితాల మధ్య నేను కళ్ళు అరగదీసుకున్న ఏడాదిని తీసుకెళ్ళి తను చేసినట్టు రాయించుకుంది. నిద్రపోయాను అనడానికి నేను వచ్చాను, ఏడాదిగా నన్ను ఆమె మోసింది అనడానికి కాదు. ఆ ఏడాదే నా దగ్గర మిగిలిన ఒక్క మంచి పని.

"ఇందులో ఉన్నది నిజమేనా అమ్మా?"

"నిజమే సార్."

"ఏడాదిగానా?"

కాగితం అంచు దాకా జారిన ఆ సంతకాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆయన మళ్ళీ అడగలేదు, కలం నా చేతికిచ్చాడు. గీత మీదే, తిన్నగా సంతకం చేశాను.

బయట వరండాలో ఎవరూ లేరు. చివర్న, మెట్ల పక్కనున్న బల్ల మీద అక్క కూర్చుని ఉంది, సంచి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ సంచి మీద పెట్టుకుని. నా నడక చప్పుడు ఆమెకి తెలుసు, వందమంది నడుస్తున్నా నాది గుర్తుపడుతుంది. నిలబడ్డాను. వెళ్ళి పక్కన కూర్చుంటే ఆమె ఏదో అంటుంది, నేనూ ఏదో అంటాను, ఎప్పటిలా క్షమించేస్తాను కూడా, అది నాకు బాగా తెలుసు, అందుకే భయమేసింది. వంగి చెప్పులు విప్పి చేతిలోకి తీసుకున్నాను. నేల చల్లగా ఉంది. అవతలి గోడ వారగా నడిచాను. దగ్గరికి వచ్చేసరికి ఆమె తల పక్కకి తిప్పింది, కంటి అంచుతో పట్టుకోవాలని.

"ఎవరండీ?" అంది.

ఆగాను.

"ఎవరోగానీ, కాస్త సాయం చెయ్యండి. మా ఫుల్‌స్టాపు ఆ గదిలో ఉంది. బయటికొస్తే నేను ఇక్కడే కూర్చున్నానని చెప్పండి." గొంతు తగ్గించి అంది, "తను లేకుండా నేను దిగలేను."

అలాగేనన్నట్టు తల ఊపాను, ఆమెకి కనబడదని తెలిసే. తర్వాత చెప్పులు చేత్తో పట్టుకుని, ఒక్కదాన్నే మెట్లు దిగిపోయాను.